బొంత వెనక దర్శకుడు

సొంత సినిమాకి తనే ప్రొజెక్టరు పిడి తిప్పుతూ, ఆ సినిమా తన కంటపడకుండా బొంత చాటున కూర్చున్న దర్శకుడు ఫర్గానా లోయంతా గాలించినా హోషిమ్ ఒక్కడే దొరుకుతాడు. పట్టుపురుగులు పెంచే కొట్టంలో ఒక మూలకి తాడు కట్టి రెండు బొంతలు వేలాడదీశారు. వాటి మధ్య జానెడు సందు. ఆ సందులోంచి యంత్రం ముక్కు అవతలికి పొడుచుకొచ్చి ఉంది. అవతల ఆడవాళ్ళు, ఇవతల హోషిమ్. ఆడవాళ్ళకి వేసే ఆటలో మగవాడు ఉండకూడదు. యంత్రం తిప్పడం వచ్చిన ఆడమనిషి ఆ చుట్టుపక్కల లేదు. ఇద్దరికీ కుదిరిన రాజీ ఆ బొంతలు.

చూపు లేకపోయినా చెవులున్నాయి కదా. చంటిపిల్లల ఏడుపులు, గాజుల చప్పుడు, ఎవరో కర్బూజా గింజలు కొరుకుతున్న శబ్దం అన్నీ వినిపిస్తున్నాయి. బయట మల్బరీ చెట్టు కింద బండివాడు తోష్తెమిర్ కరెంటు పుట్టించే చక్రం తిప్పుతున్నాడు. వాడు నాలిక కింద పొగాకు పెట్టుకోవడానికి ఆగినప్పుడల్లా తెర మీద బొమ్మ మసకబారేది. ఆడవాళ్ళు గోడ మీద దబదబా బాదేవాళ్ళు. మళ్ళీ వెలుగు వచ్చేది.

యంత్రం ముక్కు పక్కనే ఒయ్‌నిసా నిలబడి తెర మీది అక్షరాలు పైకి చదువుతోంది. ఆవిడకి యాభై దాటాయి. ఒకప్పుడు ఆడవాళ్ళ కూటాల్లో కావ్యాలు చదివి కన్నీళ్ళు పెట్టించిన గొంతు. ఇప్పుడు మహిళా క్లబ్బు వాళ్ళు జీతమిచ్చి మూకీ సినిమాలకి మాట అరువిప్పిస్తున్నారు. చదువు రాని పల్లెల్లో ఆ గొంతు లేకపోతే సినిమా సగమే.

హోషిమ్ ఎదురు చూస్తున్నది ఒక్క షాటు కోసం. మొగుడి దెబ్బలకి ఓర్చుకోలేక భార్య గడప దాటి వెళ్ళిపోతుంది. ఇంట్లో ఎవరూ ఉండరు. నట్టింట్లో చెక్క ఊయల ఒక్కటే, ఖాళీగా, అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. చాలాసేపు ఊగుతుంది. ఆ తర్వాత నది, రేవు, పడవ. అంతటితో కథ అయిపోతుంది. ఊయల షాటుకి ముందు ఫిల్ము అతుకు ఒకటి ఉంది. అది పళ్ళచక్రం మీదుగా పోయేటప్పుడు టక్కుమంటుంది. ఆ టక్కు వినగానే హోషిమ్ ఊపిరి బిగబట్టాడు.

బొంతల సందు చుట్టూ మెరుస్తున్న వెలుగు అంచు ఆరిపోయింది. దీపం పోయిందేమోనని యంత్రం లోపలికి తొంగి చూశాడు. దీపం నిక్షేపంగా వెలుగుతోంది. వంగి సందులోంచి చూస్తే, యంత్రం ముక్కుని ఒక అరచెయ్యి మూసి ఉంది. వేళ్ళ మధ్య వెలుగు ఎర్రగా కనబడుతోంది. చీకట్లో ఒయ్‌నిసా గొంతు తగ్గించి ఏదో చెబుతోంది.

"ఎక్కడికి పోతుందమ్మా, కన్నతల్లి కదూ. గడప దాటింది, వెనక్కి వచ్చింది. ఊయల కట్లు విప్పి బిడ్డని మూటలో చుట్టుకుంది. ఇప్పుడు రేవు దగ్గర చూడండి, ఆ మూట ఎలా పట్టుకుందో."

చెయ్యి తీసింది. రేవు వచ్చింది. కొట్టం నిండా ఒక్కసారిగా ఆడవాళ్ళ నిట్టూర్పు. ముక్కులు చీదుకున్నారు. ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. హోషిమ్‌కి ఒళ్ళు మండిపోయింది. తిప్పే చెయ్యి మాత్రం వేగం మార్చలేదు. ఆ చేతికి అలవాటు అలాంటిది.

ఆట అయ్యాక ద్రాక్షపందిరి కింద చాప పరిచారు. టీ, రొట్టె, పుచ్చకాయ ముక్కలు వచ్చాయి. హోషిమ్ ఏదీ ముట్టుకోలేదు.

"ముక్కు మీద చెయ్యి పెట్టింది నువ్వేనా అక్కా?"

"నేనే. ఇంకెవరు పెడతారు? ముందు రొట్టె తిను."

"ఎందుకు పెట్టావు?"

"ఖాళీ ఊయల ఊపుతున్నావు కనక," అని ఒయ్‌నిసా రొట్టె తుంచి అతని ముందు పెట్టింది.

ఆ షాటు గురించి హోషిమ్ చెప్పుకొచ్చాడు. దాన్ని చూసి తాష్కెంట్ హాల్లో పెద్దమనుషులు లేచి నిలబడ్డారు. మాస్కోలో పత్రికవాళ్ళు ఆ ఊయల బొమ్మ అచ్చువేశారు. తను ఎన్ని రీళ్ళు తీసినా జనం గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్కదాన్నే. జ్వరమొచ్చిన పిల్లాడి కలవరింతలు విన్నట్టు ఒయ్‌నిసా అన్నీ విన్నది.

"ఖాళీ ఊయల ఊపితే బిడ్డకి కీడని మీ అమ్మ చెప్పలేదూ?"

"చెప్పింది. తెలిసే ఊపాను. అలాంటి నమ్మకాలు పోవాలనే కదా ఆ సినిమా తీసింది."

"పోగొట్టు నాయనా, ఎవరొద్దన్నారు. పాలిచ్చే తల్లుల ఎదుట వద్దు."

"ఆ మూటలో ఉన్నవి బట్టలు. నేనే కట్టించాను. రెండు గౌన్లు, ఒక పుస్తకం."

"నువ్వు కట్టించినప్పుడు బట్టలే. వీళ్ళు చూసేసరికి బిడ్డ. ఇన్నేళ్ళుగా లోయలో నీ సినిమా ఆడిన ప్రతి ఊళ్ళోనూ బిడ్డే."

ఇన్నేళ్ళుగా అన్నమాట దగ్గర హోషిమ్ ఆగిపోయాడు. అతను యంత్రం పట్టుకుని వచ్చింది మొన్ననే గానీ సినిమా ఎప్పటినుంచో ఈ ఊళ్ళలో తిరుగుతోంది. అంటే ఈ లోయలో ఏ ఆడదీ ఆ ఊయలని చూడలేదు. తను ఏ షాటు వల్ల దర్శకుడయ్యాడో, దాన్ని ఈవిడ అరచేతిలో పెట్టుకుని తిరుగుతోంది.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. చెప్పాలని అనుకోలేదు, కోపంలో నోరు జారింది. స్టూడియోలో ఇప్పుడంతా టాకీలే. మూకీలు తీసినవాళ్ళలో కొందరు బడిపంతుళ్ళయ్యారు, ఒకడు టోపీల కొట్టు పెట్టుకున్నాడు, తనకి ఈ పిడి తిప్పే పని దొరికింది. పాత మూకీల్లో ఒకదాన్ని ఎంచి దానికి శబ్దం ఎక్కిస్తామని స్టూడియో పెద్ద అన్నాడు. ఊయల కిర్రుమనాలి, వెనక జోలపాట రావాలి, అది వింటే మాస్కో వాళ్ళకి మతిపోవాలి అన్నాడు. పల్లెటూరి ఆడవాళ్ళకి కూడా ఆ షాటు మనసుకి పట్టిందని తెలిస్తే ఆ పని హోషిమ్‌కే, ఆపైన కొత్త టాకీ కూడా అతనికే. అది చూసి రమ్మని ఎడిటింగు గదిలో పనిచేసే సఫీయాని ఈ ఆటల్లో ఆఖరి ఊరికి పంపుతున్నారు. పట్టలేదని ఆమె చెబితే ఏమిటని అడిగాడు హోషిమ్. పిడి బాగానే తిప్పుతున్నావు కదయ్యా అన్నాడు పెద్ద.

"ఆ షాటు పోతే నేను పోయినట్టే అక్కా."

ఒయ్‌నిసా టీ గిన్నె చేతిలో తిప్పుతూ కూర్చుంది. "సరే. రేపటినుంచి చెయ్యి పెట్టను. నీ బొమ్మ, నీ ఇష్టం," అని పుచ్చకాయ ముక్క అతని చేతిలో పెట్టింది.

మర్నాడు పక్క ఊరు. దారి పొడుగునా పత్తిచేలు. ఒంగిన నడుములు లేచి బండిని చూసి మళ్ళీ ఒంగుతున్నాయి. పత్తి తీత మధ్యలో ఆడవాళ్ళకి సగం పూట విడుపు ఇవ్వడమే గొప్ప. తోష్తెమిర్ గుర్రానికి పాట పాడుతున్నాడు. ఒయ్‌నిసా రీళ్ళపెట్టె మీద కూర్చుని కునికింది.

హోషిమ్ ఎంతో శ్రద్ధగా ఏర్పాట్లు చేశాడు. కిటికీలకి మందపాటి ఉన్ని నమదాలు వేలాడదీసి, వెలుగు చొరబడే బెజ్జాల్లో గడ్డి కుక్కాడు. పళ్ళు తోముకునే కుంచెతో ఫిల్ము జారే దారిలోని దుమ్ము దులిపాడు. ఊయల షాటు ముందరి అతుకు వదులైందని గమనించి, అంచు గీకి, జిగురు రాసి, వేళ్ళ మధ్య నొక్కి పట్టుకుని కూర్చున్నాడు. ఆ జిగురుకి మాగిన బేరిపండు వాసన. దర్శకుడిగా ఉన్న రోజుల్లో ఆ వాసన ఒంటికి అంటించుకునే ఇంటికి వెళ్ళేవాడు. ఇంట్లో కాదనేవాళ్ళెవరూ ఇప్పుడూ లేరు, అప్పుడూ లేరు.

ఆట మొదలైంది. ఆ ఊరి ఆడవాళ్ళు మాటకారులు. తెర మీద మొగుడు కనబడగానే వాడి మీసం మీద ఒకామె ఏదో అంది, కొట్టమంతా నవ్వులతో ఊగిపోయింది. హోషిమ్‌కి కూడా బొంత వెనక నవ్వొచ్చింది. అత్తగారు వచ్చినప్పుడు అందరూ ఒక్కసారే దగ్గారు, ఎవరి అత్తగారు పక్కన కూర్చుందో మరి. భార్య గడప దాటింది. అతుకు టక్కుమంది.

వెలుగు ఆగలేదు. ఒయ్‌నిసా చెయ్యి పెట్టలేదు. ఒక్క మాట కూడా అనలేదు.

కొట్టం నిశ్శబ్దమైంది. నవ్వులు లేవు, గింజలు కొరికే చప్పుడు లేదు, పిల్లల ఏడుపులు కూడా క్రమంగా తగ్గి ఆగిపోయాయి. తాష్కెంట్ హాల్లో విన్నది సరిగ్గా ఇదే నిశ్శబ్దం. హోషిమ్‌కి ఒళ్ళు పులకరించింది. చూశావా అక్కా, అని మనసులో అనుకున్నాడు. పిడి ఇంకా నెమ్మదిగా తిప్పాడు. ఊయలని ఊగనిచ్చాడు. రేవు వచ్చినా నిశ్శబ్దమే, పడవ కదిలినా నిశ్శబ్దమే. రీలు తోక విడివడి టపటపా కొట్టుకునేదాకా తిప్పాడు.

బయటికి వచ్చే ముందు దగ్గడం పద్ధతి, ఆడవాళ్ళు ముసుగులు సర్దుకోవాలి కదా. దగ్గాడు. జవాబు లేదు. మళ్ళీ దగ్గి, కాసేపు ఆగి, బొంతలు పక్కకి లాగాడు.

కొట్టంలో ఎవరూ లేరు. పరిచిన నమదాలు, వాటి మీద గింజల పొట్టు, బోర్లాపడిన రబ్బరు జోడు ఒక్కటి. తెర మీద తెల్లటి వెలుగు. గుమ్మం పక్కన ఒయ్‌నిసా గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏరి?"

"ఊయల దగ్గరే లేచారు. పిల్లల్ని గౌన్ల కింద దాచుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ముందు వరసలో హనీఫా అని ఒక పిల్ల ఉంది. వేసవిలో బిడ్డని మట్టిలో పెట్టి వచ్చింది. దాన్ని ఇద్దరు పట్టుకుని నడిపించారు."

"ఒక్క మాటైనా అనలేదేం?"

"ఏమంటారు. నిన్ను తిట్టను కూడా తిట్టలేదు. నీ ముందు అరిస్తే ఆ కీడు ఇంకా గట్టిపడుతుందని భయం."

"ఇంతసేపూ నేను ఎవరికి తిప్పాను అక్కా?"

"గోడకి," అంది ఒయ్‌నిసా. దెప్పినట్టు అనలేదు. జాలిగా అంది. అందుకే అది అంత గట్టిగా తగిలింది.

బయట బండి పక్కన హోషిమ్ ఒక్కడే కూర్చుని రీలు చుట్టాడు. తాష్కెంట్ హాలు జ్ఞాపకం వచ్చింది. లేచి నిలబడినవాళ్ళు ముందు వరసలవాళ్ళు. ఆ రోజు అతను వాళ్ళ మొహాలే చూశాడు. వెనక వరసల్లో పాత బస్తీ ఆడవాళ్ళు కూర్చున్నారు. దీపాలు వెలిగాక వెనక్కి తిరిగి చూసిన జ్ఞాపకం మాత్రం ఎంత తవ్వినా దొరకలేదు. వాళ్ళు అప్పటికి ఉన్నారో, లేచిపోయారో. షూటింగు రోజున ఊయల ఊపమంటే పక్క ఇళ్ళనుంచి వచ్చిన ఆడవాళ్ళు మొహాలు గోడకి తిప్పుకున్నారు. అతను నవ్వి, బరువుకి రెండు ఇటుకలు లోపల పెట్టి, తాడు కట్టి తనే లాగాడు. ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకోలనుకుని ఇన్నేళ్ళు బతికాడు. ఇల్లు కట్టుకోలేదు, ఎవరినీ తెచ్చుకోలేదు, ఆ ఒక్క నిశ్శబ్దమే తోడనుకున్నాడు. అది ఖాళీ కొట్టం నిశ్శబ్దమని ఎవరూ చెప్పలేదు.

కత్తెర తీసుకున్నాడు. ఊయల ముక్కని ఆకాశానికి ఎత్తి పట్టుకుని చూశాడు. గోరంత ఊయల, గోరంత నట్టిల్లు, కిటికీలోంచి పడిన వెలుగు. ఎంత బాగుందో. చాలాసేపు చూసి కత్తెర పెట్టెలో పెట్టేశాడు. కొయ్యడం అతని వల్ల కాలేదు.

ఆఖరి ఊరికి సఫీయా పత్తి లారీలో వచ్చింది. కత్తిరించిన జుట్టు, చంకలో సంచి, గలగలా మాటలు. హోషిమ్‌ని చూడగానే ఆప్యాయంగా రెండు చేతులూ పట్టుకుంది. ఎడిటింగు గదిలో అందరూ మిమ్మల్నే తలుచుకుంటున్నారంది. కిర్రు చప్పుడు కోసం పాత తలుపులు ఎన్ని తిప్పి చూశారో, ఆఖరికి ఏ తలుపు దొరికిందో నవ్వుతూ చెప్పింది. మంచి పిల్ల. అతనికి మేలు చేద్దామనే వచ్చింది, అందులో అబద్ధం లేదు.

"ఆ షాటు దగ్గర కొంచెం నెమ్మదిగా తిప్పండి హోషిమ్ గారూ. వీళ్ళు ఎలా ఉంటారో నేను చూడాలి. ఒక్క మాట రాసుకెళ్తే చాలు, పని అయిపోయినట్టే," అని చెప్పి, మధ్యాహ్నం ఎండలో జోళ్ళు విప్పి ఆడవాళ్ళతో పాటు లోపలికి వెళ్ళి కూర్చుంది.

హోషిమ్ బొంతలు సర్దుతూ ఒయ్‌నిసాని ఆపాడు. ఈరోజు చెయ్యి పెడతావా అని అడిగాడు. అడిగేటప్పుడు ఆవిడ మొహంకేసి చూడలేదు.

"పెట్టను. నేను పెడితే నీ బతుకు నేను తీసినట్టవుతుంది. ఆ పాపం నాకెందుకు. తిప్పేది నువ్వు, నువ్వే చూసుకో."

ఆ ఊళ్ళో కొట్టం చిన్నది. ఆడవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. ఒకామె సరిగ్గా బొంతకి వీపు ఆనించి కూర్చుంది. ఆమె ఒళ్ళో బిడ్డ పాలు తాగుతున్న చప్పుడు హోషిమ్‌కి స్పష్టంగా వినబడుతోంది. గుటకలు, మధ్యలో ఊపిరి, మళ్ళీ గుటకలు. ఇంత దగ్గరగా ఆ చప్పుడు అతను ఎన్నడూ వినలేదు. యంత్రం చప్పుడు కంటే మెత్తగా, యంత్రం కంటే నిలకడగా ఉంది. కథ నడుస్తున్నంతసేపూ సగం చెవి అటే ఉంది. మొగుడు కొట్టాడు. భార్య ముసుగు వేసుకుంది. పాలు తాగడం అయినట్టుంది, బిడ్డకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. తల్లి వీపు తడుతోంది. బిడ్డ కాళ్ళు ఆడించింది. బొంత అవతలినుంచి చిన్న మడమ ఒకటి వచ్చి హోషిమ్ మోకాలికి తగిలింది, మళ్ళీ తగిలింది.

అతుకు టక్కుమంది.

హోషిమ్ చెయ్యి చాచి దీపం ముందరి ఇనప రెక్క దించేశాడు. రెండో చెయ్యి పిడి ఆపలేదు. ఎవరికీ కనబడకుండా ఊయల చీకట్లో ఊగి, ఊగి, యంత్రంలోంచి కిందికి దిగిపోయింది. అప్పుడు తిప్పడం ఆపాడు.

"హోషిమ్ గారూ, దీపం పోయినట్టుంది," అంది సఫీయా అవతలినుంచి.

"పోలేదమ్మా. నేనే మూశాను."

మగగొంతు వినగానే కొట్టమంతా ముసుగులు సర్దుకున్న గరగర. బయట తోష్తెమిర్‌కి ఏమీ తెలియక చక్రం తిప్పుతూనే ఉన్నాడు.

"కావాలనే మూశారా?"

"కావాలనే."

ఆ ఒక్క మాటతో తాష్కెంట్ దారి మూసుకుపోయిందని హోషిమ్‌కి తెలుసు. భయం వేసింది. ఇంత మందిలోనూ తను ఒంటరిగా చీకట్లో ఉన్నాడు. ఇక జీవితమంతా ఇంతేనేమో అనిపించింది.

"బిడ్డ ఏదీ?" అని అడిగింది చీకట్లో ఒక గొంతు.

ఒయ్‌నిసా ఎప్పుడూ అందుకునే చోటు అది. అందుకోలేదు. బొంతల సందు దగ్గరికి నోరు తెచ్చి, "మూసింది నువ్వు. చెప్పేది కూడా నువ్వే తమ్ముడూ," అంది మెల్లగా.

హోషిమ్ తీసిన సినిమాల్లో ఒక్క మనిషీ ఎప్పుడూ పైకి మాట్లాడలేదు. జనం ఎదుట మాట్లాడవలసి వస్తే అతనూ ఏదో కాగితం చూసి చదివేవాడు. ఇప్పుడు కాగితం లేదు.

"తల్లి వెనక్కి వచ్చింది," అన్నాడు. "గడప దాకా వెళ్ళి వచ్చింది. ఊయల కట్లు విప్పింది. శాలువా చల్లగా ఉందని ముందు తన ఒంటికి చుట్టుకుని వెచ్చబెట్టి, అప్పుడు బిడ్డకి చుట్టింది."

శాలువా సంగతి ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు.

"పాలిచ్చిందా?" అని ఇంకొకామె.

"ఇచ్చింది."

"ఇచ్చి బయల్దేరిందా, బయల్దేరాకనా? దారిలో ఏడిస్తే మొగుడు వినడూ?"

"ఇచ్చే బయల్దేరింది."

"వీపు తట్టిందా మరి? మగవాడు చెబుతున్నాడు, అది మర్చిపోయుంటాడు," అంది బొంతకి ఆనుకున్నామె. నవ్వులు వినిపించాయి. హోషిమ్ కూడా నవ్వాడు. తట్టిందన్నాడు. ఎక్కిళ్ళు వస్తే ఆగాయన్నాడు.

"ఆడపిల్లా, మగపిల్లాడా?"

"ఆడపిల్ల."

"పేరు?"

ఆ సినిమా కథ హోషిమే అల్లాడు, అతనే తీశాడు, కత్తిరించి అతికించింది కూడా అతనే. పెద్ద పెద్దవాళ్ళు దాని గురించి గంటల తరబడి మాట్లాడారు. ఊయలలో ఉండవలసిన బిడ్డ పేరు ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు, అతనూ తనని తాను అడగలేదు. చీకట్లో అందరూ ఆగి ఉన్నారు. తొందరపెట్టలేదు. పేరు చెప్పడానికి ఆ మాత్రం టైము పట్టడం సహజమే అన్నట్టు కూర్చున్నారు.

"మేహ్రి," అన్నాడు.

ఆ పేరు ఒకరినుంచి ఒకరికి కొట్టం చివరిదాకా వెళ్ళింది. వెనకనుంచి ఒక ముసలావిడ, "నూరేళ్ళూ బతకనీ. ఇక తిప్పు నాయనా, పడవవాడు ఎంతసేపని ఆగుతాడు," అంది.

హోషిమ్ ఇనప రెక్క ఎత్తాడు. పిడి పట్టుకుంటే మొదటి రెండు చుట్లు తడబడ్డాయి, ఆపైన కుదుటపడింది. బొంతల అంచులు వెలిగాయి. తెర మీద ఇప్పుడు నది వచ్చి ఉంటుంది, రేవు మెట్లు వచ్చి ఉంటాయి, రొమ్ముకి మూట అదుముకుని ఆమె గాలికి ఎదురు నడుస్తూ ఉంటుంది. అతను ఇవతలినుంచి ఏదీ చూడలేడు.

అవతల ఎవరో పక్కావిడకి చూపిస్తూ, "అదిగో, మేహ్రి," అంది.